చివరి నాలుగు

మార్కాపురం, తర్లుపాడు రోడ్డు.
పలకల కార్ఖానా మీది గదిలో నా కుర్చీ.
కింద రాయి చీలుతున్నంతసేపూ
కీబోర్డు మీద బూడిదరంగు పొడి.
తుడవడం ఎప్పుడో మానేశాను.

ఆ మధ్యాహ్నం యల్లమంద మెట్లెక్కి వచ్చాడు,
చెమటకి మెత్తబడ్డ కాటా చీటీతో.
"పొద్దున ఒక క్వింటా ఏశా, ఆనక రెండు.
మూడు రావాల గదా.
ఈ తోకేందమ్మా?"

0.30000000000000004 టన్నులు.

"సున్నాలంటే ఉత్తయే, పోనీ.
ఆ చివరి నాలుగు ఎవురిది?"

కాటా లోపల
సంఖ్యని అంకెలుగా అచ్చేసే లైబ్రరీ నాది.
కాబట్టి ఆ నాలుగూ నాదే.
ఆ మాట అతనితో అనలేదు.

చెన్నకేశవులు గారు కింద నుంచే కేకేశారు:
"రెండంకెలకి కోసి పారెయ్!"
కోశాను.
మర్నాడు చీటీల్ని తిరిగి ఎక్కిస్తే
తను చెప్పిన లెక్కని తనే గుర్తుపట్టలేదు మిషను.

మా జేజి సజ్జలు కొలిచేది.
కుంచంలో సగం అడ్డ, అడ్డలో సగం మానిక,
మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల,
గిద్ద దాకా సగంలో సగం.
మిషనుదీ అదే చదువు. సగం తప్ప మరో ముక్క ఎరగదు.
పదోవంతు అడిగామా,
వీసం పోస్తుంది, అరవీసం పోస్తుంది,
రెండు కొలతలు ఊరకే దాటుతుంది,
మళ్ళీ రెండు పోస్తుంది, రెండు దాటుతుంది...
యాభైమూడు గళ్ళయ్యాక చోటు లేదు.
ఆఖరి గింజని విరవలేక
గింజంతా వేసేస్తుంది.

ఎంత ఎక్కువేసిందో చూద్దామని
మూల విరిగిన పలకలు కింద నుంచి తెచ్చుకున్నా.
బలపంతో, చిన్నప్పటి లెక్క,
అయిదు వేసి చేతికి రెండు.
ఒకటి, దాని వెనక పదహారు సున్నాలు,
తర్వాత ఎవరూ పిలవని అంకెల గుంపు,
చిట్టచివర ఆరు, రెండు, అయిదు.
మొత్తం యాభై అయిదు. రెండు పలకలు నిండాయి.
అంతా నిజమే.
చీటీ మీద పట్టని నిజం.

అప్పుడు తట్టింది:
ప్రతి సంఖ్యకీ ఒక మడి ఉంటుంది,
ఇరుగుకీ పొరుగుకీ నడిమధ్యన గట్టు.
గట్టు లోపల ఎక్కడ నిలబడి పిలిచినా
పలికేది ఆ సంఖ్యే.
అలా పలికించే పేర్లలో అన్నిటికన్నా పొట్టిది చాలు.
ఈ పదోవంతుకి: 0.1.
ఇంకేం వద్దు.

మూడు వారాలు ఆ గట్ల మీదే తిరిగాను.
కూడిక సరిగ్గా గట్టు మీదే పడితే ఎవరికి?
సరిసంఖ్య వాడికి.
రూలు నేను పెట్టింది కాదు, పాతదే.

అన్నీ సరిచేసి
యల్లమంద బరువులు మళ్ళీ ఎక్కించాను.
ఒకటి. రెండు.

0.30000000000000004

ముందు ఏడుపొచ్చింది. తర్వాత, పలక దగ్గరికి లాక్కుని కూడితే,
నవ్వు.
ఒకటిలోని ఎక్కువా, రెండులోని ఎక్కువా కలిసి
వెంట్రుకవాసి తేడా లేకుండా గట్టు మీద పడ్డాయి.
అటు మూడుది, ఇటు దాని పక్కవాడిది.
పక్కవాడు సరి.
వాడికి అంతకన్నా పొట్టి పేరు లేదు.
ఆ నాలుగు చెరిపేస్తే
వాణ్ణి మూడు పేరుతో పిలిచినట్టే.

లైబ్రరీని అలాగే ఉంచాను.
కాటాని మాత్రం మార్చాను, కిలోల్లో లెక్కపెట్టమని:
వంద, రెండొందలు, మూడొందలు.
విరగని గింజలతో తగాదా లేదు.

యల్లమందకి ఇదంతా చెప్పాను, వేలితో పొడి మీద గీసి.
గట్టు దగ్గర తలూపాడు.
"మా మెట్టచేని కాడ సర్వేయరూ ఇట్టనే జెప్పాడు.
వాడెవుడో సరివాడంట, నేను బేసంట."
కొత్త చీటీ మడిచి చెవి మీద పెట్టుకుని
దిగిపోయాడు.

ఒక పలక తుడిచేశాను.
రెండోది కిటికీలో ఉంది, 625 దగ్గర
బలపం విరిగిన గీతతో.